పాలు తగ్గడం తల్లి లోపం కాదు

ప్రసూతి సెలవు ముగించుకొని ఉద్యోగంలో తిరిగి చేరిన తల్లులు మా కార్యకర్తల ముందు తరచుగా ఒక బాధను వెల్లడిస్తున్నారు. పంపుతో తీసే పాలు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి, బిడ్డకు చాలడం లేదు అన్నదే ఆ బాధ. ప్రైవేటు పాఠశాలల్లో ఉపాధ్యాయినులు, ఆసుపత్రుల్లో నర్సులు, దుకాణాల్లో కౌంటరు వద్ద నిలబడి పనిచేసే ఆడబిడ్డలు ఈ మాట చెబుతున్నారు. ఇంట్లో వారికి లభించే సమాధానం ఒక్కటే: “నీకు పాలు లేవు, డబ్బా పాలు పట్టు.” ఈ తీర్పు తొందరపాటుతో కూడినదని, అనేక సందర్భాలలో అన్యాయమైనదని మేము భావిస్తున్నాము.

చనుబాలు తయారయ్యే పద్ధతిని ముందుగా గ్రహించాలి. రొమ్ము ఎంత ఖాళీ అయితే పాలు అంత త్వరగా ఊరుతాయి. పాలు నిండి నిలిచిపోయినకొద్దీ తయారీ మందగిస్తుంది. ఉదయం ఎనిమిది గంటలకు ఇల్లు విడిచిన తల్లి సాయంత్రం ఆరు వరకు ఒక్కసారైనా పాలు తీయలేకపోతే, కొద్ది రోజులలోనే ఆమె శరీరం ఇన్ని పాలు అవసరం లేదని నిర్ణయించుకుంటుంది. పాలు కిందికి దిగేందుకు ఆక్సిటోసిన్ అనే హార్మోను పనిచేయాలి. భయం, హడావుడి, ఎవరైనా తలుపు తడతారేమోనన్న ఆందోళన దానిని అడ్డగిస్తాయి. కాబట్టి పాలు తగ్గడానికి కారణం తరచుగా తల్లి దేహంలో గాక, ఆమెకు దొరకని సమయంలోనూ చోటులోనూ ఉన్నది.

పాలు పెంచుకొనడానికి మార్గాలున్నవి. బిడ్డకు దూరంగా ఉన్న వేళల్లో మూడు గంటలకొకసారి, పదిహేను ఇరవై నిమిషాల పాటు పాలు తీయాలి. రెండు వైపులా ఒకేసారి తీసే పంపు వలన సమయం కలిసివస్తుంది. తీయడానికి ముందు, తీస్తున్నప్పుడు రొమ్మును మృదువుగా మర్దన చేస్తూ నొక్కాలి. చివరలో చేతితో పిండాలి. పంపు గరాటు చనుమొన కొలతకు సరిపోకపోతే నొప్పి కలుగుతుంది, పాలూ సరిగా రావు. రోజుకొకసారి ఒక గంటలో ఇరవై నిమిషాలు తీసి, పది నిమిషాలు ఆగి, పది తీసి, పది ఆగి, మరల పది తీయడం కొందరికి ఉపకరిస్తుంది. ఇంటికి రాగానే బిడ్డను ఒంటికి ఆనించుకొని నేరుగా పాలివ్వాలి. రాత్రి పాలు మానరాదు. పాలను తయారుచేసే హార్మోను ఆ వేళ అధికంగా ఉంటుంది. నెలలు నిండక పుట్టి ప్రత్యేక చికిత్సా విభాగంలో ఉన్న శిశువుల తల్లులు ప్రసవమైన మొదటి కొద్ది గంటలలోనే మొదలుపెట్టి, రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా తీయాలి.

తీసిన పాలను శుభ్రమైన మూత పాత్రలో ఉంచాలి. మామూలు గదిలో నాలుగు గంటలకు మించి ఉంచరాదు; మన ఎండాకాలంలో అంతసేపు కూడా ఆగక చల్లని చోటికి మార్చడం మేలు. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు నిలువ ఉంటాయి. వాడేటప్పుడు పొయ్యి మీద కాచకుండా, గిన్నెను వేడినీటిలో ఉంచి వెచ్చబరచాలి.

తెలగపిండి, మునగాకు, వెల్లుల్లి, మెంతులు, గోంద్ లడ్డూ మన ఇళ్లలో బాలింతకు పెట్టడం ఆనవాయితీ. ఆహారంగా అవి మంచివే. పాలు తీయకుండా వాటితోనే పాలు పెరుగుతాయనుకోవడం మాత్రం భ్రమ. పాలు పెంచే మందులను వైద్యుని సలహా లేకుండా వాడరాదు. పంపులో వచ్చిన పాలే మొత్తం పాలు అనుకోరాదు. పంపు కంటే బిడ్డే బాగా తాగగలడు. బిడ్డ రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే. బరువు పెరగకపోతే మాత్రం జాప్యం చేయక వైద్యుని వద్దకు వెళ్లాలి. వైద్యుడు అవసరమని చెప్పినప్పుడు పోతపాలు పట్టడం తప్పు కాదు. అయితే శిశువుల పాలపొడికి ప్రచారం చేయడాన్ని మన దేశంలో 1992 చట్టం నిషేధించిందని గుర్తుంచుకోవాలి.

ఇంట్లో అత్తగార్లు, భర్తలు ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. పాలిచ్చే స్త్రీ తనకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందని భయపడితే రంజాన్ ఉపవాసాల నుండి ఆమెకు షరీఅత్ మినహాయింపునిచ్చింది. ధర్మమే ఇచ్చిన వెసులుబాటును వంటగది ఇవ్వకపోవడం ఏ న్యాయం?

ఇక చట్టం సంగతి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు కల్పించింది. బిడ్డకు 15 నెలలు నిండే వరకు, మామూలు విశ్రాంతికి అదనంగా, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని ఆదేశించింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ హక్కులను కొనసాగించింది. రెండు విరామాలు, ఒక భోజన సమయం కలిపితే మూడు సార్లు. పాలు నిలబడడానికి ఒక పనిదినంలో కావలసినదీ దాదాపు అంతే. లోపం ఎక్కడంటే, చట్టం బిడ్డకు పాలివ్వడాన్ని మాత్రమే పేర్కొన్నది. బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు పాలు తీయడాన్ని గాని, అందుకు ఒక గదిని గాని చెప్పలేదు. రాష్ట్ర ప్రభుత్వాలు నిబంధనలలో ఈ రెండింటినీ స్పష్టంగా చేర్చాలని మేము కోరుతున్నాము. పర్దా పాటించే మన ఆడబిడ్డలకు తలుపు గడియ పడే గది మరింత అవసరం. మరుగుదొడ్డిలో కూర్చొని బిడ్డ ఆహారాన్ని సిద్ధం చేసుకొమ్మనడం ఏ మతం స్త్రీకైనా అవమానమే.

దశాబ్దాల పాటు ప్రభుత్వ ఫైళ్ల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాము: నోటిమాటగా అడిగినదానికి రికార్డు ఉండదు. విరామాల కోసం రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. నిరాకరిస్తే ఆ నకలుతో కార్మిక శాఖ అధికారిని కలవండి. ఒంటరిగా వెళ్లలేని ఆడబిడ్డ వెంట వెళ్లడం మన సంఘాల బాధ్యత.

చివరగా మన వైపు కూడా చూసుకుందాం. ముస్లిం యాజమాన్యంలోని పాఠశాలలు, ఆసుపత్రులు ఎన్నో ఉన్నాయి. వాటిలో మన ఆడబిడ్డలూ పనిచేస్తున్నారు. ఒక చిన్న గది, ఒక కుర్చీ, చేతులు కడుక్కొనడానికి నీళ్లు, ఒక ఫ్రిజ్. దీనికి ప్రభుత్వ నిధులు అక్కరలేదు, జీవో కోసం వేచి చూడనక్కరలేదు. ఇతరులను హక్కులడిగే మనం, మన చేతిలో ఉన్న హక్కును ముందుగా మన తల్లులకు ఇవ్వాలి. ఈ నెలలోనే ఆ గది తలుపు తెరవవలసిందిగా అటువంటి సంస్థల యాజమాన్యాలను కోరుతున్నాము.