పఠిత అభిప్రాయము పూర్వపక్షము, సిద్ధాంతము కాదు

శ్రీమద్రామాయణమును వచనానువాదములో ఒకమారు చదివిన గృహస్థుడు, చెట్టుచాటున నిలిచి వాలిని కొట్టుట రామునికి తగదనును. ఆంధ్రమహాభాగవతమును చదువనారంభించిన యువతి, పోతన వర్ణనలు మితిమీరినవనును. ఇట్టి మాటలు వినిన పండితులలో కొందరు, శాస్త్రపరిచయము లేనివారికి మహాకావ్యములను విమర్శించు అధికారమెక్కడిదని కోపింతురు. మరికొందరు, ఎవరి అభిరుచి వారికి ప్రమాణమని సరిపుచ్చుదురు. మొదటి మాట పఠితను గ్రంథమునుండి తరిమివేయును; రెండవది గ్రంథద్వారముననే నిలిపివేయును. రెండింటివలనను నష్టపడునది జిజ్ఞాసువే.

వాలివధ విషయమున కలుగు ఆక్షేపము నేటి పఠిత కనిపెట్టినది కాదు. ఆదికవియే దానిని కిష్కింధాకాండ 17వ సర్గలో వాలి నోట పలికించెను. తాను మరొకనితో పోరుచుండగా కనబడక కొట్టుట ఏ ధర్మమని వాలి అడుగును. రాముని దేశమునకుగాని, పురమునకుగాని తాను చేసిన అపకారమేమని అడుగును. ముందుగా తననే కోరియుండినచో ఒక్క దినములో సీతను తెచ్చి అప్పగించెడివాడననును. నేటి విమర్శకుడెవ్వడును ఇంతకన్న తీవ్రముగా ప్రశ్నింపజాలడు. తన కథానాయకునిపై పడిన ఆ నిందను వాల్మీకి దాచలేదు, మృదువుగా మార్చలేదు.

18వ సర్గలో రాముడు సమాధానమిచ్చును. వాలి తమ్ముని భార్యయైన రుమను చేపట్టుట, భరతుని పాలనలోనున్న భూమియందు ధర్మమును నిలుపవలసిన బాధ్యత, సుగ్రీవునికిచ్చిన మాట, మృగయాన్యాయము అను హేతువులను చూపును. ఈ సమాధానము అందరికిని తృప్తి కలిగించి తీరవలెనను నియమము లేదు; వ్యాఖ్యాతలును దీనిని పలువిధముల చర్చించిరి. కాని 17వ సర్గతో పుస్తకము మూసినవాడు తీర్పు చెప్పుట, వాదిని మాత్రమే విని ప్రతివాదిని వినని న్యాయాధిపతి తీర్పు వంటిది.

మన శాస్త్రములలో విచారణకు ఒక క్రమము కలదు. అధికరణమునకు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అని ఐదంగములు. అందు పూర్వపక్షము తృణీకరింపదగినది కాదు. అది బలహీనమైనచో సిద్ధాంతమును బలహీనమే అగును. కావుననే శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున సాంఖ్యుల వాదమును, బౌద్ధుల వాదమును ముందుగా వినిపించి, పిదప ఖండించిరి. ఈ క్రమములో చూచినచో "నచ్చలేదు" అనునది ఇంకను సంశయము మాత్రమే. "ఇందువలన నచ్చలేదు" అని హేతువు చేరినప్పుడది పూర్వపక్షమగును. దానికి గ్రంథమిచ్చు ఉత్తరమును వెదకిన పిదపనే సిద్ధాంతమునకు తావు.

శాస్త్రము రాని రుచి గుడ్డిది అనుటయు సత్యము కాదు. భాగవతమును వరుసగా చదువుచు వచ్చిన సామాన్యుడు, పంచమస్కంధమున ధార మారినదని అనుకొనవచ్చును. కారణము అతనికి తెలియదు. ఆ స్కంధమును గంగన, షష్ఠమును సింగన, ఏకాదశ ద్వాదశములను నారయ రచించిరి. కర్తృత్వమెరుగకయే చెవి భేదమును పట్టినది. అట్టి చెవిని అవమానించుట తగదు.

అయితే అదే చెవి ఒక్కొక్కచోట తొందరపడును. గజేంద్రమోక్షమున వ్యాసుని శ్రీహరి చక్రధారియై గరుడునిపై శీఘ్రముగా వచ్చును. పోతన అంతటితో తృప్తిపడలేదు. లక్ష్మికి చెప్పక, శంఖచక్రములు ధరింపక, పరివారమును పిలువక, గరుడుని సిద్ధపరుపక స్వామి పరుగెత్తెనని చెప్పెను. తొలి పఠనములో ఇది విస్తరముగా తోచును. మరల చదువగా, స్వామి చేయని పనుల పట్టికయే ఆయన ఆతురతకు రూపమని తెలియును. ఆర్తుని మొర వినిన క్షణమున భగవంతుడు తనను తాను మరచెనను భక్తిరహస్యము ఆ విస్తరముననే ఉన్నది.

అభినవగుప్తపాదులు లోచనమున సహృదయుని లక్షణము చెప్పుచు, కావ్యముల నిరంతర అభ్యాసముచేత మనోదర్పణము నిర్మలమైనవాడని వివరించిరి. అద్దము అందరివద్దను ఉన్నది. తుడుచుటయే మిగిలిన పని. ఆ అభ్యాసమునకు నేటి సాధకుడు తనకు కలిగిన ఆక్షేపమునే ఆరంభముగా చేసికొనవచ్చును. దానిని హేతువుతో వ్రాసికొని, కవి దానిని ముందే ఎరిగియుండెనా యని అదే గ్రంథమున వెదకి, ఒక వ్యాఖ్యానము తోడుగా మరల చదువవలెను. అప్పటికిని ఆక్షేపము నిలిచినచో అది గౌరవింపదగిన అభిప్రాయము. పెద్దల బాధ్యతయు ఇదియే: 17వ సర్గవద్ద ఆగినవానిని మందలింపక, పుట త్రిప్పి 18వ సర్గను చూపవలెను.

రామునిపై అన్నింటికన్న కఠినమైన అభిప్రాయమును పలికిన వాలి, వక్షమున బాణము నాటియుండగనే, ఆయన ఉత్తరమును తుదివరకు వినెను. విని, తన కుమారుడైన అంగదుని ఆ రామునికే అప్పగించెను. బాణము తగులక, తీరికగా కూర్చుండి చదువు పఠితకు ఆపాటి ఓర్పు అసాధ్యము కాదు.