ఓర్వకల్లులో అరవై అయిదు సెంట్లు

మా చిన్నాయన పదిహేనేళ్లు నేవీలో పనిచేశాడు కానీ ఓడ ఎక్కలేదు. సెలవుల్లో ఊరికొస్తే రచ్చబండ దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న: "సముద్రంలో కడుపు తిప్పదా అబ్బీ?" ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయన పనిచేసిన అరక్కోణం నుంచి సముద్రం చూడాలంటే దాదాపు 70 కిలోమీటర్లు పోవాలి మరి.

రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా మద్రాసుకు రైల్లో పోయే కడప జిల్లావాళ్లకు అరక్కోణం కొత్త ఊరేమీ కాదు. పెళ్లి పట్టుచీరలకని కంచికి రైలు మారేది అక్కడే. తొంభైల్లో ఉద్యోగం వెతుక్కుంటూ నేనూ ఆ దారిన తెగ తిరిగాను. తిరుత్తణి దాటినాక ఒక్కోసారి వంద తిరగళ్లు ఒకేసారి తిప్పినట్టు ఆకాశంలో చప్పుడయ్యేది. కిటికీలోంచి తల బయటపెడితే పొడుగాటి విమానం, రెక్కలు వెనక్కి వాల్చుకుని, తొందరేమీ లేనట్టు పోతుండేది. "మా చిన్నాయన బాగుచేసేది దాన్నే" అని పక్కనున్న వాళ్లకు చెప్పేవాణ్ని. నమ్మినవాళ్లు తక్కువ.

ఆ జాతి విమానాన్ని మళ్లీ విశాఖ బీచ్ రోడ్డులో చూశాను. పోయిన దసరా సెలవుల్లో చిన్నాయననీ, ఏడో తరగతి చదివే మావాణ్నీ వెంటబెట్టుకుని కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సాయంత్రం ఎక్కితే మరునాడు పొద్దున విశాఖ. అవ్వ కట్టిచ్చిన పులుసన్నం, చెనిక్కాయల పొడి గూడూరు రాకముందే అయిపోయాయి. దారి పొడుగునా చిన్నాయన విమానం ఊసెత్తలేదు. మోకాళ్ల నొప్పుల గురించే మాట్లాడాడు.

అది టీయూ-142. సోవియట్ యూనియన్ నుంచి మన నేవీ కొన్న ఎనిమిదింటిలో ఒకటి. 1988లో గోవాకు వచ్చాయి, 1992లో అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళికి మారాయి. ఆ స్క్వాడ్రన్ పేరు ఆల్బట్రాస్, నెంబరు 312. మొత్తం 29 ఏళ్లలో 30 వేల గంటలు ఎగిరి, ఒక్క ప్రమాదమూ లేకుండా 2017 మార్చి 29న పని ముగించాయి. పది రోజులకే వాటిలో ఒకటి విశాఖలోని ఐఎన్ఎస్ డేగకు ఎగిరొచ్చి దిగింది. అక్కడ దాన్ని ముక్కలుగా విప్పి, ట్రెయిలర్ల మీద ఊరి మధ్యగా తెచ్చి, బీచ్ రోడ్డులో మళ్లీ బిగించారు. ఆ డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియం ప్రారంభించారు.

పొడవు 53 మీటర్లు, రెక్క కొస నుంచి రెక్క కొసకు 50. ఇంజన్లు నాలుగు, ఒక్కోటీ దాదాపు 15 వేల గుర్రాల బలం. ప్రతి ఇంజనుకూ ముందొకటి వెనకొకటి రెండు ఫ్యాన్లు, అవి ఎదురుబొదురుగా తిరుగుతాయి. ఆ ఫ్యాన్ ఆకుల కొసలు శబ్దాన్ని మించిన వేగంతో గాలిని కోస్తాయి కాబట్టే ఆ తిరగళ్ల మోత. "చెవుల్లో దూది, దూది మీద ఇయర్‌మఫ్‌లు, అయినా పండ్లు అదిరేటివి" అన్నాడు చిన్నాయన. అన్నం తినేటప్పుడు కూడా అరిచి మాట్లాడే అలవాటు ఆయనకు అక్కడే పట్టుకుంది. పిన్నమ్మ ఇప్పటికీ ఆ విమానాన్ని తిట్టుకుంటుంది.

జనం ఎక్కువగా ఫ్యాన్ల ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అంత పెద్ద వస్తువును చూస్తే ఎవరికైనా అదే బుద్ధి పుడుతుంది, తప్పు పట్టను. కానీ చిన్నాయన నేరుగా హాల్లో ఒక మూలకు పోయి ఆగాడు. అక్కడున్నవి మూరెడు పైచిలుకు గొట్టాలు. "ఇంత దూరం వచ్చి గొట్టాలా?" అని మావాడు మొహం మాడ్చాడు.

వాటిని సోనోబాయ్‌లంటారు. విమానం కడుపులోంచి సముద్రంలోకి జారవిడుస్తారు. నీళ్లను తాకగానే పైభాగం తేలుతుంది, కిందిభాగం తీగ పట్టుకుని లోతుకు దిగుతుంది, బావిలోకి బొక్కెన దించినట్టు. ఆ బొక్కెనలో చేదేది నీళ్లను కాదు, చప్పుళ్లను. లోపల ఎక్కడైనా సబ్‌మెరైన్ కదిలితే ఆ అలికిడిని రేడియోలో పైకి పంపుతుంది. పైన విమానంలో చెవులకు ఫోన్లు పెట్టుకున్న మనిషి, చేపల గుంపు ఏదో, సరుకు ఓడ ఏదో, వెతుకుతున్నది ఏదో తేల్చుకోవాలి. ఒక్కో గస్తీ పది గంటలు దాటేది. ఎక్కువ రోజులు ఏమీ వినపడేది కాదు. వినపడలేదని రాసుకుని తిరిగొచ్చేవాళ్లు.

"బోరు పాయింటు చూసే సామి మాదిరే" అన్నాడు చిన్నాయన. మావాడికి అప్పుడు వెలిగింది. మా పక్క బోరు వేసేముందు అరచేతిలో టెంకాయ నిలబెట్టుకునో, వేపపుల్ల పట్టుకునో చేనంతా నడిచే మనిషి ఒకడుంటాడు. టెంకాయ లేచి నిలబడ్డ చోట సున్నం చల్లుతారు. ఆ తర్వాత ఆరువందల అడుగులు దించినా దుమ్మే వచ్చిన చేలు నాకు చాలా తెలుసు. రాయి కింద నీళ్లు వెతకడం మన పని, నీళ్ల కింద ఇనుము వెతకడం వాళ్ల పని. తేడా ఏమిటంటే వాళ్ల గొట్టానికి శాస్త్రం ఉంది, మన టెంకాయకు నమ్మకం ఉంది. "శాస్త్రమున్నా కూడా సముద్రం చానా మోసం చేస్తాది లే" అని చిన్నాయన సర్దిచెప్పాడు. ఉప్పు, వేడి మారినచోట చప్పుడు వంగిపోతుందట. పైన వేడినీరు, కింద చల్లనీరు ఉంటే ఆ మడతలో సబ్‌మెరైన్ దాక్కుంటుందట. మొత్తం యాత్రలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ మూలే. ఎదురుగా నిలబడి వివరించే మనిషి లేకపోతే ఆ గొట్టాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆ విమానాల మీద పనిచేసి రిటైరైన మనుషులను కూడా మ్యూజియంలో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టాలి.

రోడ్డుకు అవతల ఐఎన్ఎస్ కుర్సుర ఉంది. 1969 నాటి సబ్‌మెరైన్, 2002 నుంచి ఇసుకలో మ్యూజియంగా నిలబడింది. ఇదీ సోవియట్ సరుకే. వెతికేదాన్నీ దాక్కునేదాన్నీ ఎదురెదురుగా పెట్టిన రోడ్డు దేశంలో ఇదొక్కటే అనుకుంటాను. దాగుడుమూతల్లో దొరికిపోయిన ఇద్దరు ముసలివాళ్లలా ఉన్నారు. 2024లో పని విరమించిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్ కూడా ఇప్పుడు అదే రోడ్డుకు చేరింది. ఊరంతా నేవీ, రోడ్డంతా నేవీ. మన ఓర్వకల్లు నుంచి విశాఖకు విమానంలో పోయినవాళ్లు దిగిందీ నేవీ రన్‌వే మీదే, ఐఎన్ఎస్ డేగ మీద. చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇక అసలు మాటకొస్తాను. ఆ రాత్రి మేం దిగిన లాడ్జి బాల్కనీలో చిన్నాయన రెయిలింగు పట్టుకుని చెయ్యి చూసుకున్నాడు. అరచెయ్యి ఎర్రగా తుప్పు. కళ్లద్దాలు తుడిస్తే గుడ్డకు ఉప్పు. "సముద్రం మీద కిందికి దిగి ఎగిరొస్తే మంచినీళ్లతో కడగాల్సిందే" అన్నాడు. విమానం ఒళ్లంతా అల్యూమినియం, అక్కడక్కడా బిగించిన బోల్టులు ఇంకో లోహం. వాటి నడుమ ఉప్పుతేమ చేరితే లోహం తెల్లగా పొడిపొడి అవుతుంది. ఎగిరే విమానాన్ని కడగడానికి వందమంది ఉంటారు. నిలిచిపోయినదాన్ని సముద్రానికి నాలుగడుగుల దూరంలో పెట్టి, ముప్పయ్యేళ్లు, యాభయ్యేళ్లు కాపాడటమంటే తరాల తరబడి తీరని చాకిరి. ఇప్పుడు రంగు మెరుస్తోంది, బాగా చూసుకుంటున్నారు. నా భయం ఇప్పటి గురించి కాదు.

విక్రాంత్ సంగతి చూడండి. 1961లో నేవీలో చేరి, 1971 యుద్ధంలో బంగాళాఖాతం నుంచి విమానాలను పంపి చిట్టగాంగ్, కాక్స్‌బజార్‌లను దెబ్బకొట్టిన మన మొదటి విమానవాహక నౌక. ముంబయిలో నీళ్ల మీదే మ్యూజియంగా పెట్టారు. నీళ్లలో ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుంది? 2012లో మూసేశారు, 2014లో తుక్కుకు అమ్మి విరిచేశారు. ఆ ఇనుములో కొంత కరిగించి బజాజ్ వాళ్లు 2016లో వీ15 మోటార్‌సైకిల్ తెచ్చారు. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఆ బండి మీద పాలక్యాన్లు కట్టుకుని పోయేవాణ్ని చూశాను. నేవీ విమానాల చరిత్ర రాయలసీమకు వచ్చింది ఆ రూపంలోనే: ఒక పెట్రోలు ట్యాంకు.

అమెరికాలో టూసాన్ అనే ఊరుంది, అరిజోనా ఎడారిలో. రెండో ప్రపంచయుద్ధం అయిపోగానే పాత విమానాలను అక్కడికి చేర్చడం మొదలుపెట్టారు, ఇప్పటికీ వేలల్లో నిలబడి ఉంటాయి. ఎందుకక్కడ? గాలిలో తేమ లేదు, నేల గట్టి. సిమెంటు పరవకుండానే చక్రాలు నిలుస్తాయి. ఈ వర్ణన చదివిన కర్నూలు మనిషికి ఏ ఊరు గుర్తొస్తుందో నేను చెప్పాలా? వానలేదని, తేమలేదని మనల్ని కరువుసీమ అంటారు కదా. ఆ లేకపోవడమే సరుకైన చోటు ఒకటుందని తెలిసి నాకు మహా సంతోషమైంది. అయితే నిజం దాచకూడదు: కర్నూలులో ఏడాదికి 670 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది, టూసాన్‌లో అందులో సగం కూడా పడదు. నంద్యాల నల్లరేగడిలో విమానం పెడితే మొదటి వానకే చక్రాలు దిగబడి ట్రాక్టర్లతో లాగాలి. ఓర్వకల్లు అలా కాదు. అక్కడంతా రాతినేల, రాక్ గార్డెన్ చూసినవాళ్లకు తెలుసు. పక్కనే 2021లో తెరిచిన విమానాశ్రయం, ఎదురుగా జాతీయ రహదారి.

కాబట్టి నా కోరిక ఇది: ఇకమీదట నేవీ పని చాలించే విమానాల్లో ఒకటి ఓర్వకల్లుకు ఇవ్వండి. విప్పి తెచ్చి బిగించడం కొత్తేమీ కాదు. విశాఖలో చేశారు, సముద్రం కనపడని కోల్‌కతా న్యూటౌన్‌లోనూ ఇంకో టీయూ-142ను అలాగే నిలబెట్టారు. విశాఖ పిల్లలకు నేవీ గుమ్మం ముందే ఉంది. ఆలూరు, పత్తికొండ పిల్లలు దాన్ని చూడాలంటే రాత్రంతా రైలు.

ఈ మాట కర్నూలులో ఒక మిత్రుడితో అంటే, "ముందు కుళాయికి నీళ్లు రానీ, తర్వాత విమానం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎండాకాలం మా వీధిలో బిందెల వరస చూసినవాడెవడికీ ఉండదు. ఎండ సంగతీ ఉంది: 44, 45 డిగ్రీల్లో టైర్లు పగులుతాయి, అద్దాలు మసకబారతాయి. టూసాన్‌లో అద్దాలకు తెల్లటి పూత పూసి కాపాడుకుంటారు, మనమూ పూయొచ్చు. ఇంకో మాట. ఓర్వకల్లు మండలంలోనే పాలకొలను దగ్గర డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ కిరణంతో డ్రోన్‌లను కూల్చిన పరీక్ష అక్కడే జరిగింది. ఎగిరేవాటిని కూల్చడానికి మన రాళ్లు పనికొచ్చినప్పుడు, ఒకదాన్ని నిలబెట్టుకోవడానికి పనికిరావా?

విశాఖ నుంచి వచ్చిన వారానికి చిన్నాయన కర్నూలు వచ్చాడు. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని ముగ్గురం ఓర్వకల్లు పోయాం. మావాడు జేబులో సున్నపు పొడి పొట్లం తెచ్చుకున్నాడు. రోడ్డు పక్కన బయలు మీద ముక్కు దగ్గర ఒక రాయి పెట్టి, తోక వైపు పెద్ద అంగలతో నడిచాడు. చిన్నాయన అరిచి లెక్కపెట్టాడు, ఆయనకు మెల్లగా లెక్కపెట్టడం రాదు. నలభై ఒకటో అంగ దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది, అది దాటేదాకా మావాడు ఒంటికాలి మీద నిలబడ్డాడు. యాభై మూడు అయినాక అడ్డంగా యాభై. నాలుగు మూలలా సున్నం పడింది. మీటర్లను సెంట్లు చేస్తే అరవై అయిదు, కొంచెం అటూఇటూ.

గొర్లకాపరి చాలాసేపటి నుంచి కట్టె మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. సున్నం గీత దాకా వచ్చి ఆగి అడిగాడు:

"సెంటు ఎంత చెప్తాండారు సామీ?"