కొమ్మల మిషన్ కొనేముందు షాఫ్ట్ కవర్ చూడండి

నా చిన్నప్పుడు కడప జిల్లాలోని మా దువ్వూరు చుట్టుపక్కల ఎండుకొమ్మకు కూడా గిరాకీ ఉండేది. కంప చేనికి కంచె అయ్యేది, పుల్లలు పొయ్యిలోకి పోయేవి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి పొయ్యి పొగ తగ్గించాయి. ఆడవాళ్ల కళ్లకూ ఊపిరికీ అది పెద్ద మేలు. కొమ్మను మాత్రం అడిగేవాళ్లు లేకుండా పోయారు. లావు మొద్దులు కట్టెల వ్యాపారులు తీసుకుపోతారు. మణికట్టు కంటే సన్నగా ఉన్నదంతా గట్టు మీద కుప్పపడి, ఎండాకాలంలో ఏదో ఒక సాయంత్రం తగలబడిపోతుంది. పులివెందుల, లింగాల వైపు చీనీ (బత్తాయి) తోటల్లో కత్తిరించిన కొమ్మలైనా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు పత్తి కట్టెలైనా, కేసీ కాలువ కింద మా గట్ల మీది కంపైనా చివరికి అగ్గిపాలే.

పంజాబ్, హర్యానాల్లో వరిగడ్డి కాల్చకుండా ఆపడానికి కేంద్రం 2018లోనే ప్రత్యేక పథకం పెట్టింది. యంత్రం ఒక్కరే కొంటే సగం, సంఘంగా కొంటే 80 శాతం రాయితీ ఇచ్చింది. ఢిల్లీకి పొగ తగిలింది కాబట్టి అది వచ్చింది. మా కొమ్మల పొగ మా ఊళ్లకే తగులుతుంది.

అందుకే మినీ ట్రాక్టరు ఉన్న రైతులు సొంతంగా దారి వెతుక్కుంటున్నారు. ట్రాక్టరు వెనక తగిలించి కొమ్మను ముక్కలు చేసే చిప్పర్ మీద ఇప్పుడు అందరి కన్ను పడింది. హైవే పక్కన ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నాది. అక్కడికి వచ్చేవాళ్లు ముందు అడిగే మాట ఒకటే: "అన్నా, మా 24 హెచ్‌పీ బండికి ఆరంగుళాల మిషన్ ఆడుతుందా?"

ఆడదు అబ్బీ. బండి మీద రాసింది ఇంజన్ బలం. వెనక మిషన్లను తిప్పే పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అందులో 85 శాతం దాకానే మిగులుతుంది. 24 హెచ్‌పీ బండికి 20 అనుకోండి. కొమ్మ లావు ఒక్కో అంగుళానికి ఐదు హెచ్‌పీ కావాలని నేను లెక్క వేసుకుంటాను. అంటే నాలుగంగుళాల మిషనే ఈ బండికి హద్దు. అది కూడా పచ్చి మునగకో వేపకో. ఎండిన తుమ్మ, ఎండిన చీనీ అయితే మూడంగుళాలకే ఇంజన్ మూలుగుతుంది. కంపెనీ కాగితంలో రాసే లావు మెత్తటి పచ్చికట్టెను చూసి రాసింది. మిషన్ బరువు కూడా చూడాలి. ఎక్కువ మినీ ట్రాక్టర్ల లిఫ్ట్ 750 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. బరువైన మిషన్ తగిలించి గట్టు ఎక్కితే ముందు చక్రాలు లేస్తాయి.

ఇంకో సంగతి డీలర్లు చెప్పరు. కొన్ని చిన్న బండ్లకు పీటీఓ రెండు స్పీడ్ల మీద తిరుగుతుంది. నిమిషానికి 540 తిప్పులకు చేసిన చిప్పర్‌ను రెండో స్పీడులో 750 మీదో, అంతకంటే ఎక్కువ మీదో తిప్పితే బ్లేడు పట్టిన బోల్టులు తట్టుకోలేవు. గేరు లివర్ ఎటు ఉందో చూడకుండా బండి స్టార్ట్ చేయొద్దు.

అసలు మన దగ్గర ఉన్న చెత్త ఏమిటన్నది అన్నింటికంటే ముందు తేల్చుకోవాలి. గుండ్రటి ఇనుప డిస్కుకు రెండో నాలుగో కత్తులు బిగించి ఉంటే అది చిప్పర్. గట్టి కొమ్మను అది బాగా తింటుంది. అరటి బోదె వేస్తే నార షాఫ్ట్ చుట్టూ చుట్టుకుని బేరింగులు పోతాయి. పులివెందుల అరటి రైతుకు, పత్తి కట్టె నలగ్గొట్టాలనుకునే రైతుకు కావలసింది ష్రెడ్డర్, అంటే సుత్తుల్లాంటి బ్లేడ్లతో చితక్కొట్టే మిషన్. పత్తి రైతుకు ఇందులో ఇంకో లాభం ఉంది. పత్తి కట్టెను ఇళ్ల దగ్గర వాములు పెడితే గులాబీ రంగు పురుగు అందులోనే దాక్కుని వచ్చే పైరు మీద పడుతుంది. పంట అయిపోగానే చేలోనే నలగ్గొట్టి దున్నేస్తే ఆ పురుగుకు చోటుండదు. రెండు పనులూ ఒకే మిషన్ చేస్తుందని ఎవరన్నా చెబితే, మీ తోటలోని కొమ్మే తెచ్చి పెట్టి చూపించమనండి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని విషయం చెబుతాను. 540 తిప్పులంటే పీటీఓ నుంచి మిషన్‌కు బలం అందించే షాఫ్ట్ సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. తువ్వాలు కొస, పంచె అంచు, చీర కొంగు ఏది తగిలినా మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే షాఫ్ట్ లాగేస్తుంది. మా వైపు తోటల్లో కొమ్మలు ఏరి మిషన్‌కు అందించేది ఎక్కువగా కూలికి వచ్చే ఆడవాళ్లు. వాళ్లంతా చీరలోనే ఉంటారు. కొత్త మిషన్‌కు షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవర్ వస్తుంది. గ్రీజు పెట్టడానికి అడ్డమని మొదటి నెలలోనే దాన్ని పీకేస్తారు. ఆ కవర్ లేకుండా మా షెడ్డుకు వచ్చిన షాఫ్ట్‌లే ఎక్కువ. కవర్ తిరిగి బిగించనిదే నేను బండి ఇవ్వను. గిరాకీ పోయినా సరే.

కొమ్మ పెట్టే గొట్టం పొడుగ్గా ఉండాలి, చెయ్యి నిండా చాచినా కత్తి అందకూడదు. కొమ్మ ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. పక్క రెమ్మ చొక్కా గుండీకి తగులుకుంటే మనిషిని కూడా లాక్కుపోతుంది. హైడ్రాలిక్ రోలర్లతో లాక్కునే రకమైతే రోలర్లను ఆపే అడ్డకడ్డీ నడుము ఎత్తులో ఉండాలి. ఒరిగితే చాలు, ఆగిపోవాలి. పీటీఓ కట్టేశాక కూడా డిస్కు నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, డిస్కు పూర్తిగా నిలిచాకే మూత తీయాలి. లోపల ఇరుక్కున్న కొమ్మను కాలితో తన్నేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

పంట నూర్చే మిషన్లలో కూలీల చేతులు పోతున్నాయని 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. దెబ్బ తగిలిన కూలీకి నష్టపరిహారం ఇవ్వాలని కూడా అందులో ఉంది. నూర్పిడి యంత్రంతో పాటు పొలంలో వాడే ఇతర యంత్రాలను కేంద్రం నోటిఫికేషన్‌తో ఆ చట్టం కిందికి తేవచ్చు. చిప్పర్ అందులోకి రావాలి. ఊరూరా వ్యాపించి, చేతులు పోయాక కాదు, ఇప్పుడే.

రాయితీ సంగతి కూడా దీనితో ముడిపెట్టాలి. 2022లో మన రాష్ట్రంలో రైతు గ్రూపులకు 40 శాతం రాయితీ మీద ట్రాక్టర్లు, కోత మిషన్లు ఇచ్చారు. అదే పద్ధతిలో చిప్పర్లు, ష్రెడ్డర్లు ఇవ్వాలి. ఒక్కో రైతుకు ఒకటి వద్దు. ఐదెకరాల చీనీ తోటలో కొమ్మ పని రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది. మిగతా ఏడాదంతా మిషన్ చెట్టు కింద తుప్పు పడుతుంది, కత్తులు మొండిబారతాయి. ఊరికొక మిషన్ ఉండి, దాన్ని నడపడం నేర్చిన ఒక మనిషి ఉండి, గంటకు ఇంతని బాడుగ తీసుకుంటే కత్తులకు సానా పడుతుంది, షాఫ్ట్ మీద కవరూ ఉంటుంది. మన పక్క అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ పరీక్షలో నెగ్గిన మిషన్‌కే రాయితీ అని, అక్కడ శిక్షణ పొందిన మనిషికే మిషన్ అని ఒక్క జీవో చాలు.

చిప్పర్‌లో ముక్కలైన చెట్టు కొమ్మను ఏం చేయాలంటే, నేలలో దున్నకండి. కట్టె కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజని లాక్కుంటుంది, పైరు పసుపు రంగుకు మారిపోతుంది. పేడ కలిపి దిబ్బలో మాగనివ్వండి, లేదంటే చెట్ల పాదుల్లో మూడంగుళాల మందం పరచండి. మే నెల ఎండల్లో డ్రిప్పు నీళ్ల తడి నిలుస్తుంది. చీనీ మొదలుకు మాత్రం ఒక అడుగు దూరం వదలండి, మొదలు తడిగా ఉంటే బంక తెగులు పడుతుంది. చెదలు ఎక్కుతున్నాయేమో వారానికోసారి కదిపి చూడండి. వేరుకుళ్లుతో చచ్చిన చీనీ చెట్టును, పనామా తెగులు సోకిన అరటిని మిషన్‌లో వేయొద్దు. వాటి ముక్కలు పరిస్తే తెగులును మన చేత్తోనే తోటంతా చల్లినట్టు. కాల్చాల్సింది వాటినే.

ఈ వేసవికి మిషన్ చూడడానికి ప్రొద్దుటూరు పోయే రైతులకు ఒక విన్నపం. డీలర్ హెచ్‌పీ చెబుతుంటే వినండి, రేటు చెబుతుంటే వినండి. అంతా అయ్యాక వంగి షాఫ్ట్ చూడండి. దాని మీద కవర్ లేకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు.