నూనె కాని నూనెలు

‘నూనె’ అన్న మాట పుట్టుక చూస్తే ముచ్చటగా ఉంటుంది. నువ్వుల నుంచి వచ్చిన నెయ్యి గనక నూనె అయింది. సంస్కృతంలోనూ అదే వరస; తిలల నుంచి పుట్టింది తైలం. మొదట ఒక్క గింజకు చెందిన పేరు పోనుపోను వేరుసెనగకూ, కొబ్బరికీ, ఆముదానికీ, ఆఖరికి భూమిలోంచి తోడే కిరసనాయిలుకీ చెల్లిపోయింది. వంటింట్లో ఈ ఉదారబుద్ధి వల్ల వచ్చిన నష్టమేమీ లేదు. కారు బానెట్టు ఎత్తిన చోట మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

మా మెట్టుగూడలో ఏ మెకానిక్కు దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడండి. ఇంజనాయిలు, గేరాయిలు, బ్రేకాయిలు, కూలెంటాయిలు – అన్నీ ఆయిళ్ళే! వీటిలో మొదటి రెండే నిజంగా నూనెలు. బ్రేకాయిలు నూనె కానేకాదు. అది గ్లైకాలు జాతికి చెందిన ద్రవం, నీటితో ఇట్టే కలిసిపోతుంది. పేరులో ఆయిలు ఉందిగదా అని, ఇంట్లో మిగిలిన ఇంజనాయిలు తెచ్చి ఆ చిన్న డబ్బాలో పోసే పుణ్యాత్ములున్నారు. బ్రేకుల లోపలి రబ్బరు బిళ్ళలు ఆ నూనె తాగి, నానేసిన సెనగల్లా ఉబ్బుతాయి. తరవాత బ్రేకు పట్టుకుని వదలదు, లేదా అసలే పట్టదు. ఇందులో తప్పు సగం పోసినవాడిదైతే సగం ఆ పేరు పెట్టినవాడిది. తద్భవాలూ తత్సమాలూ తారుమారైతే విద్యార్థికి మార్కులు పోతాయి. ఇక్కడ పోయేది అంతకంటే పెద్దది.

కూలెంటు సంగతీ ఇంతే. అది గ్లైకాలు కలిపిన నీరు. అందుబాటులో ఉందని బోరునీళ్ళు పోస్తే, నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లపొరే ఇంజను నాళాల్లోనూ కడుతుంది. కొన్నాళ్ళకు వేడి పోయే దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు ఇంకో కొత్త తీర్థం వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక చాలా డీజిలు బళ్ళకు, పొగలోని విషాన్ని విరవడానికి, యూరియా నీళ్ళ టాంకు వేరే పెడుతున్నారు. నూటికి 32.5 పాళ్ళు యూరియా, మిగిలింది శుద్ధజలం. దాని నీలి మూత చాలా బళ్ళలో డీజిలు మూత పక్కనే ఉంటుంది. తోడికోడళ్ళను పక్కపక్క పీటల మీద కూచోబెట్టినట్టు, ఎవరి ఆలోచనో! ఆ నీళ్ళు పొరపాటున డీజిలు టాంకులో పడితే కలవవు. అడుగుకు చేరి లోహాన్ని తింటాయి, ఆరిన చోటల్లా పలుకులు కట్టి దారులు మూసేస్తాయి.

ఆమాటకొస్తే, ఏ ద్రవమూ పుట్టుకతో చెడ్డది కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపించారు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజన్లకు మన ఆముదమే కందెన. పెట్రోలు దాన్ని కరిగించలేదు గనక. ఆ ఆవిరి మింగిన పైలట్లకు ఆముదం చేసే పని ఆముదం చేసిందట, అది వేరే కథ. రెండో యుద్ధంలో పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు మన బస్సుల వెనక పెద్ద కుంపటిలాంటి డబ్బా తగిలించి బొగ్గు గాలితో నడిపారు. ఇంజనును అందుకు తగ్గట్టు అమర్చుకున్నారు గనక చెల్లింది.

అమర్చుకోకుండా పోస్తే ఏమవుతుందో కిందటి వానాకాలంలో చూశాను.

మా వీధి చివరింటి పెద్దాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో 30 ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. నిజాం కాలంలో, 1893లో వెలసిన కార్ఖానా అది. ఇనుము గురించి తనకు ఇంకొకరు చెప్పాలా అన్న ధీమా ఆయనకు ఉండడం న్యాయమే. ఆ రోజు భార్యకు కంటి ఆపరేషను. డీజిలు కారు, వెనక సీట్లో ఆవిడ, ముందు మహబూబ్‌నగర్ వైపు కుర్రాడు డ్రైవరు. బంకులో నేను స్కూటరుతో వాళ్ళ వెనకే నించున్నాను. పెద్దాయన ఫోను చెవినుంచి తియ్యకుండానే, “ఫుల్ చెయ్యి బాబూ” అన్నారు. అంతే అన్నారు. పోసే పిల్లవాడు పెట్రోలు గొట్టం అందుకున్నాడు. దాని మూతి సన్నం గనక డీజిలు బండిలో అడ్డులేకుండా దూరింది.

14 లీటర్లు పడ్డాక డ్రైవరు మీటరు మీద రేటు చూసి కేకేశాడు.

“ఉన్న డీజిల్లో కలిసిపోతుందిలే, ఆస్పత్రికి టైమవుతోంది, స్టార్టు చెయ్యి” అన్నారు పెద్దాయన.

డ్రైవరు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. “ఇయ్య సార్. స్టార్ట్ జేస్తే పంపు పోతది. అమ్మను ఆటోల తీస్కపోండ్రి.”

“బండి నాదా, నీదా?”

“మీదే సార్. అందుకే ఇయ్యనంటున్న.”

వాడి మాటే నిజం. పాతకాలపు డీజిలు ఇంజన్లు ఇలాంటివి కొంత ఓర్చుకునేవి. ఇప్పటివాటిలో పంపు ఇంధనాన్ని 1,600 బార్లకు పైన కూడా ఒత్తుతుంది. అంటే కారు టైరులో గాలి ఒత్తిడికి 700 రెట్లు. ఆ పంపుకు కందెన డీజిలే. పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. ఇనుము ఇనుమును గీరి, ఆ రజను వెంట్రుకంత రంధ్రాల్లోకి చేరుతుంది. చాలా బళ్ళలో ఇంజను స్టార్టు కానక్కరలేదు, తాళంచెవి ఒక్క మెట్టు తిప్పితే చాలు, టాంకులో మోటారు ఇంధనాన్ని ముందుకు తోస్తుంది. ఇంధనం నిలవుండే ఆ గొట్టానికి ‘కామన్ రైల్’ అని పేరు. రైలు మీద బతుకంతా గడిపినాయనకు ఈ రైలు కొత్త!

ఆవిడ ఆటోలో వెళ్ళింది. ఆపరేషను బాగానే అయింది. కారును నలుగురం తోశాం. మెకానిక్కు టాంకు దింపి కడిగినందుకు రెండువేల చిల్లర తీసుకున్నాడు. స్టార్టు చేసి ఉంటే లక్ష దాటేదన్నాడు.

అసలు చిక్కు బంకు దగ్గరే మిగిలింది. 14 లీటర్ల సొమ్మూ, ఆ ఖర్చూ పిల్లవాడి జీతంలో కోస్తానన్నాడు మేనేజరు. వాడికి 20 ఏళ్ళుంటాయేమో, నోట మాట లేదు. “మాస్టారూ, మీరూ ఉన్నారుగా, చెప్పండి” అన్నారు పెద్దాయన. ఆయన నా పొరుగువారు; పండక్కి మా ఇంటికి బొబ్బట్లు వస్తాయి వారింటినుంచి. అయినా విన్నది విన్నట్టు చెప్పాను: ఆయన ‘ఫుల్’ అన్నారు గాని ‘డీజిలు’ అనలేదు, పిల్లవాడూ అడగలేదు. బంకు ఏ ఇంధనమో అడిగి పోయాలి, నిజమే. పోయించుకునేవాడు చెప్పాలి, అదీ నిజమే. నెలజీతం వాడు ఒక్కడూ పోగొట్టుకోవడం ఎక్కడి న్యాయం?

చివరకు పెట్రోలు ఖరీదు బంకు భరించింది, మెకానిక్కు కూలి పెద్దాయన ఇచ్చుకున్నారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు సాయంత్రం కాగితం, కలం పట్టుకొచ్చారు. టాంకు మూత మీద తెలుగులో రాయించాలట. “డీజిల్ అని పొల్లుతో రాయాలా, డీజిలు అనాలా మాస్టారూ?” అజంతం మన భాషకు స్వభావమని, ‘డీజిలు’ అని గుండ్రంగా రాసిచ్చాను.

మర్నాడు చూద్దును గదా, డ్రైవరు అప్పటికే ఎర్రరంగుతో ‘డీజల్’ అని రాసేశాడు.