కువైట్ విమానం ఎక్కేముందు.. జేబులో డాలరా, దినారా? ఉదయగిరి, ఆత్మకూరు వాళ్లు చూసుకోవాల్సిన లెక్క ఇదీ

2025 డిసెంబర్‌లో డాలర్ తొలిసారి 90 రూపాయలు దాటింది. టీవీల్లో, ఫోన్లలో అంతా రూపాయి పతనం గురించే చర్చ. కానీ సోమశిల చుట్టుపక్కల ఊళ్లలో ఈ వార్తకి రెండు అర్థాలున్నాయి. గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇంట్లో ఇది నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చే వార్త. ఇప్పుడే వీసా వచ్చి బ్యాగ్ సర్దుకుంటున్నవాళ్లకి మాత్రం ఖర్చు పెరిగే వార్త. ఎందుకంటే డాలర్ 90 దగ్గర ఉంటే కువైట్ దినార్ 290 రూపాయల పైనే.

ఇంతకీ వెళ్లేవాళ్లు చేతిలో ఏ డబ్బు పెట్టుకోవాలి? చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. కానీ తెలియని దేశంలో దిగిన మొదటి రెండు రోజుల ధైర్యం ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

కువైట్ దారి ఇక్కడి నుంచే

సోమశిల ప్రాజెక్టు అనంతసాగరం మండలంలో ఉన్నా, వెనక నీళ్లు కడప జిల్లాలోకి వెళ్తాయి. ఉదయగిరి వైపు కూడా కడప సరిహద్దే. బద్వేలు, రాజంపేట, రాయచోటి వాళ్ల లాగే ఇటువైపు వాళ్లకి కూడా గల్ఫ్ అంటే ముందు గుర్తొచ్చేది కువైటే. డ్రైవర్లుగా, ఇంటి పనికి వెళ్లేవాళ్లు చాలామంది చెన్నైలోనే విమానం ఎక్కుతారు. ఫారెక్స్ సలహాలు ఇచ్చే వీడియోలు ఎక్కువగా అమెరికా వెళ్లే స్టూడెంట్ల కోసం, థాయ్‌లాండ్ టూర్ వెళ్లేవాళ్ల కోసం ఉంటాయి. పనికి వెళ్లేవాళ్ల లెక్క వేరు. వాళ్ల చేతిలో ఉండేది పది, ఇరవై వేలే. అందులో వెయ్యి పోయినా పెద్ద నష్టమే.

అందరూ డాలరే అంటారు.. అవసరమా?

డాలర్ ఎక్కడైనా చెల్లుతుంది, నిజమే. కానీ గల్ఫ్‌లో ఆటో డ్రైవర్ లాంటి టాక్సీ డ్రైవరు, చిన్న కొట్టువాడు డాలర్ తీసుకోవాలని రూలేం లేదు. అక్కడ మళ్లీ మార్చుకోవాల్సిందే. అంటే మీ డబ్బు రెండుసార్లు చేతులు మారుతుంది.

ఉదాహరణకి 20,000 రూపాయలు అనుకుందాం. ఒక్కోసారి మార్చినప్పుడు నూటికి 3 రూపాయలు పోయిందనుకోండి. ఒకసారి మారిస్తే పోయేది 600. రూపాయి నుంచి డాలర్, డాలర్ నుంచి దినార్.. ఇలా రెండుసార్లయితే దాదాపు 1,180. మీకు వచ్చిన సేవ మాత్రం ఒకటే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మన దగ్గర డాలర్లు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి డాలర్ కొనే రేటుకి, అమ్మే రేటుకి మధ్య తేడా తక్కువ. దినార్, ఒమన్ రియాల్ లాంటి వాటికి ఆ తేడా ఎక్కువ ఉండొచ్చు. అందుకే రేటు అడగొద్దు. ఇలా అడగండి: "20 వేలు ఇస్తాను, అన్ని చార్జీలూ పోను నా చేతికి ఎన్ని దినార్లు వస్తాయి?" ఇదే ప్రశ్న రెండు మూడు చోట్ల అడిగితే ఎవరు ఎంత లాగుతున్నారో తేలిపోతుంది. లక్ష రూపాయల లోపు మార్చుకుంటే జీఎస్టీ కనీసం 45 రూపాయలు, గరిష్ఠంగా 180. అంతకంటే ఎక్కువ "ట్యాక్స్" అంటే రసీదు చూపించమనండి.

రేటు పెరుగుతుందని ఆగాలా?

సౌదీ రియాల్ 1986 నుంచి డాలర్‌కి 3.75 దగ్గరే ఉంది. దుబాయ్ దిర్హమ్ 1997 నుంచి 3.6725. ఖతార్, ఒమన్, బహ్రెయిన్ డబ్బు కూడా డాలర్‌కే కట్టేసి ఉంది. కువైట్ మాత్రం 2007లో డాలర్ ముడి విప్పి, కొన్ని దేశాల కరెన్సీల సగటుకి కట్టింది. అయినా పెద్దగా ఊగదు. అంటే కదిలేది మన రూపాయే. డాలర్ కొన్నా, రియాల్ కొన్నా ఆ కదలిక ఒకేలా తగులుతుంది. కాబట్టి చిన్న మొత్తానికి రేటు కోసం ఎదురుచూడటం దండగ. ఎన్నిసార్లు మారుస్తున్నారు, ఎక్కడ మారుస్తున్నారు అన్నదే అసలు విషయం. ఎయిర్‌పోర్ట్ కౌంటర్ చివరి దారి అయి ఉండాలి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే కొనుక్కునే వీలుంది. నెల్లూరులోనో, చెన్నై ఊళ్లోనో ముందే తీసుకోవడం మేలు.

ఒకప్పుడు అక్కడ మన రూపాయే

నమ్మడం కష్టమే కానీ, 1961 వరకు కువైట్‌లో నడిచింది మన రిజర్వ్ బ్యాంక్ ముద్రించిన రూపాయే. 1959లో గల్ఫ్ కోసం ప్రత్యేక నోట్లు కూడా వేశారు. 1961లో దినార్ వచ్చినప్పుడు దాని విలువ పదమూడు రూపాయల చిల్లర. ఇప్పుడు 290 పైన.

అంత గట్టి దినార్ కూడా ఒకసారి చేతిలో కాగితమైపోయింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించాక, ఇరాక్ దినార్‌తో సమానం అని చెప్పి కువైట్ దినార్‌ని పక్కన పెట్టేసింది. అప్పుడు లక్షన్నరకి పైగా భారతీయులు ఉన్నదంతా వదిలి అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో ఇంటికొచ్చారు. 1991లో విముక్తి తర్వాత కువైట్ కొత్త నోట్లు వేసింది. అందుకే ఎంత బలమైన కరెన్సీ అయినా ఉన్నదంతా ఒకే రకం నోట్లలో పెట్టుకోకూడదు.

పక్కింటాయన దగ్గర దినార్లు కొంటున్నారా?

సెలవుకి వచ్చినవాళ్ల దగ్గర మిగిలిన దినార్లు కొనుక్కోవడం ఊళ్లలో మామూలే. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, విదేశీ డబ్బు అమ్మకం, కొనుగోలు రిజర్వ్ బ్యాంక్ లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరే జరగాలని ఫెమా చట్టం చెప్తోంది. రెండోది, పాత నోట్ల బెడద. కువైట్ 2014లో కొత్త సిరీస్ తెచ్చి, మరుసటి ఏడాది పాత సిరీస్‌ని చెలామణి నుంచి తీసేసింది. వాటిని మార్చుకోవడానికి ఇచ్చిన పదేళ్ల గడువు కూడా 2025 ఏప్రిల్ 18తో అయిపోయింది. బీరువాలో ఏళ్ల తరబడి దాచిన నోటు ఇప్పుడు అక్కడ కొట్టులో చెల్లదు.

మన నోట్లకీ ఇదే వర్తిస్తుంది. 2,000 నోటు 2023 మేలో ఉపసంహరించారు, ఇప్పుడు మార్చుకోవాలంటే రిజర్వ్ బ్యాంక్ ఆఫీసుల దాకా వెళ్లాలి. రెండేళ్ల కాంట్రాక్ట్ మీద వెళ్లేవాళ్లు వెంట ఎక్కువ రూపాయలు పెట్టుకుని లాభం లేదు. తిరిగొచ్చినప్పుడు చెన్నై నుంచి ఇంటికి చేరడానికి సరిపడా ఉంచుకుంటే చాలు.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

- విదేశీ నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకు తీసుకెళ్లొచ్చు. చాలా దేశాలకి ఇదే పరిమితి.
- భారతీయ రూపాయలైతే 25,000 వరకు.
- కొనే విదేశీ డబ్బు విలువ 50,000 రూపాయలు దాటితే నగదు ఇవ్వకూడదు. చెక్, కార్డ్ లేదా బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ ద్వారానే కట్టాలి.
- తిరిగొచ్చేటప్పుడు 5,000 డాలర్ల విలువకి మించి విదేశీ నోట్లు తెస్తే కస్టమ్స్‌కి చెప్పి ఫారం నింపాలి.
- రసీదు తప్పకుండా తీసుకోండి. మిగిలిన డబ్బు మార్చుకునేటప్పుడు పనికొస్తుంది.

ఎందుకంత ముఖ్యం?

"అక్కడ అంతా సేఠ్ చూసుకుంటాడు, డబ్బెందుకు?" అని ఏజెంట్లు అంటుంటారు. ముఖ్యంగా ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లతో. కానీ విమానం ఆలస్యమై, తీసుకెళ్లాల్సిన మనిషి రాకపోతే? సిమ్ కార్డ్ కొనాలన్నా, ఇంటికి ఫోన్ చేయాలన్నా, టాక్సీలో భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలన్నా చేతిలో సొంత డబ్బు ఉండాలి. అది కూడా అక్కడ చెల్లే డబ్బు, చిన్న నోట్లలో. పాస్‌పోర్ట్ ఎవరి చేతికైనా వెళ్లొచ్చు, ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు. లోపలి జేబులో ఉన్న పది, ఇరవై దినార్లు మాత్రం ఆ రోజు మీ మాట వింటాయి. అందుకే వీసా ఖర్చుల లెక్కలో దీన్ని చివర్లో కాదు, ముందే వేసుకోవాలి.

ఇంకో చిన్న మాట. కువైట్‌లో దినార్‌కి 1,000 ఫిల్స్. కొట్టులో 1.500 అని రాసి ఉంటే అది పదిహేను వందలు కాదు, ఒకటిన్నర దినార్. అంటే మన డబ్బులో నాలుగు వందల పైన. కొత్తగా వెళ్లినవాళ్లు కంగారు పడేది ఇక్కడే.

మరి ఏం చేయాలి?

మొదటి నాలుగైదు రోజులకి సరిపడా దిగే దేశం డబ్బే తీసుకోండి. కువైట్ అయితే పావు, అర, ఒకటి, అయిదు దినార్ల నోట్లు అడగండి. ఉమ్రాకి వెళ్తున్నా ఇదే పద్ధతి, రియాల్స్‌లో. అత్యవసరానికి ఒకటో రెండో డాలర్ నోట్లు విడిగా దాచుకోండి. దారిలో వేరే దేశంలో ఆగాల్సి వస్తే అవే ఆదుకుంటాయి. చిరిగినవి, రాతలున్నవి తీసుకోకండి. కార్డ్ ఉంటే అందులో ఆ దేశ కరెన్సీ ఉందో లేదో బ్యాంక్‌ని అడగండి. అక్కడ మెషీన్ "రూపాయల్లో కట్టాలా, దినార్లలోనా" అని అడిగితే దినార్లే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లు చెప్పిందే.

డబ్బంతా ఒకే పర్సులో మాత్రం పెట్టకండి. సగం మీ ఒంటి మీద, సగం బ్యాగులో ఉండాలి. ఎంత తీసుకెళ్తున్నారో ఏజెంట్‌కి కాదు, ఇంట్లోవాళ్లకి చెప్పి వెళ్లండి.