శ్రుతి కలపడం ఎవరి వంతు?

పదిమంది ఆడవాళ్ళు కలిసి పాడితే వినసొంపుగా వుంటుందంటారు. ఆ సంగతి తర్వాత, ముందు ఆ పదిమందీ ఆరాధన నాటిదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ వుంటే అదే పదివేలు! పుష్య బహుళ పంచమి దగ్గర పడుతోందంటే చాలు, పంచరత్నాల రిహార్సళ్ళు మొదలవుతాయి. వాటి వెనకే అలకలూ, దెప్పిపొడుపులూను.

ఇరవై ఏళ్ళుగా ఇలాంటి గోష్ఠుల్లో వెనక వరసలో కూర్చుని పాడుతున్నదాన్ని. నాయకురాళ్ళని చాలామందిని చూశాను. అందుకే ఒక్క మాట ఖండితంగా చెప్పదలిచాను. ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి ఏం ఆశిస్తున్నామో ముందు చెప్పం. చెప్పకుండానే, అది రాలేదని నలుగుర్లో నిలదీస్తాం. మన బృందాలు చెడుతున్నది అక్కడే.

శ్రుతి సంగతే తీసుకోండి. ఒకరిది నాలుగున్నర, ఒకరిది ఐదు, మరొకరిది ఐదున్నర. నాయకురాలికి ఆరు పలుకుతుందనుకోండి, అందరూ ఆరులోనే పాడాలంటుంది. పైషడ్జం దాటేసరికి సగంమంది గొంతులు కీచుమంటాయి. "సాధన చాలదమ్మా" అని తీర్పు! పుట్టుకతో వచ్చిన గొంతు సాధనతో ఎంతని పైకి లేస్తుందండీ? కచేరీలు చేసే పెద్ద విద్వాంసులే వయసు మీద పడ్డాక శ్రుతి దించుకుంటారు. శ్రుతిపెట్టె అర మెట్టు దించినంతలో ఈవిడగారి గొప్పేమీ దిగిపోదు.

ఇక ఐదూ పాడి తీరాలన్న పంతం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ వరసగా పాడితే సుమారు గంట. నాటరాగ కీర్తన ఒక్కటే సంస్కృతం, తక్కిన నాలుగూ మన తెలుగే. అయినా అన్ని చరణాలూ, స్వరాలతో సహా కంఠతా పట్టడం మాటలా? తెల్లారగట్ల లేచి మూడు కారియర్లు కట్టి, ఆఫీసుకు పోయి, అత్తగారి మందులు చూసి, అప్పుడు రిహార్సలుకి పరుగెత్తుకొచ్చిన మనిషిని "ఇంకా పుస్తకం చూసే పాడతారా?" అని ఈసడించడం ఏం న్యాయం? వంటమనిషి వున్నావిడ తీరికతో ఆవిడ తీరికని కొలవకండి. ఆ యేడు మూడే పాడుకుంటే త్యాగయ్యగారేమీ అలగరు.

నేనెరిగిన ఒకావిడ పెళ్ళయిన పదిహేనేళ్ళకి మళ్ళీ నోరు విప్పి పాడటం మొదలుపెట్టింది. గౌళలో రిషభం కుదరలేదని మృదంగం కుర్రాడి ముందు నానా మాటలూ అన్నారు. మర్నాటినించీ రాలేదు. ఇప్పుడు ఇంట్లో కూడా పాడదు. రిషభం నేర్పడానికి నాలుగు రోజులు పట్టేదేమో. ఆ గొంతుని మళ్ళీ ఎవరు తెచ్చిపెడతారు?

"అయితే ప్రమాణం తగ్గించమంటారా?" అని మీరు అడగొచ్చు. ససేమిరా! శ్రుతిలోనూ, తాళంలోనూ రాజీ లేదు. ఆఖరిరోజున పట్టుచీర కట్టుకొచ్చి, ముందు వరసలో కూర్చుని, పెదవులు మాత్రం కదిపేవాళ్ళని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. "ఏదో ఆడవాళ్ళం, సరదాకి పాడుకుంటున్నాం" అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మంట. సరదాకయినా సరే, చెప్పిన వేళకి రావడం, ఒప్పుకున్న కీర్తన నేర్చుకోవడం పక్కవాళ్ళకి మనం పడ్డ బాకీ. ఆ బాకీ ఎంతో మొదటిరోజే తేల్చుకోమంటున్నాను. ఎన్ని కీర్తనలు, ఏ శ్రుతి, వారానికి ఎన్ని రోజులు? ఒప్పుకున్నదానికి మించి అడగొద్దు, ఒప్పుకున్నది ఎగ్గొట్టొద్దు. తప్పుంటే పక్కకి పిలిచి చెప్పండి.

తిరువయ్యారులో ఆరాధననాడు ఆడవాళ్ళు పాడకూడదన్న రోజులున్నాయి. బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొమ్ము పోసి త్యాగరాజస్వామి సమాధి దగ్గర మందిరం కట్టించారు. అయినా పాడనివ్వలేదు. 1927లో ఆవిడ ఆడవాళ్ళ గోష్ఠి వేరే పెట్టారు. అందరితోపాటు పాడే హక్కు 1940 ప్రాంతాల్లో గాని దక్కలేదు. అంత కష్టపడి ఆవిడ సంపాదించిపెట్టిన చోటునుంచి, ఇవాళ సాటి ఆడదాన్ని ఒక్క ఈసడింపుతో మనమే గెంటేస్తున్నాం.

శ్రీరాగంలో మహానుభావులందరికీ దణ్ణాలు పెట్టేముందు, పక్కావిడ గొంతుకి అందే శ్రుతి పెట్టారో లేదో ఒకసారి చూసుకోండి.