దారిలో పడియున్నవాడు

మంచి సమరయుని ఉపమానమును వినని విద్యార్థి మిషను పాఠశాలలో నుండడు. యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవు మార్గమున దొంగలచేత కొట్టబడి పడియున్న యొక మనుష్యుని యాజకుడును లేవీయుడును చూచి ప్రక్కగా పోయిరనియు, పరాయివాడైన సమరయుడు నిలిచి గాయములు కట్టెననియు లూకా సువార్త పదియవ అధ్యాయమున చదువుచున్నాము. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చినయెడల మన పిల్లలు మంచి మార్కులే తెచ్చుకొందురు. అయితే రేపటి యుదయమున బస్సు నిలుచు చోట నొక వృద్ధుడు సొమ్మసిల్లి పడినయెడల మనలో నెందరము నిలుతుము?

ఈ సంగతినే అమెరికా దేశమున డార్లీ, బాట్‌సన్ అను మనశ్శాస్త్రజ్ఞులు పరీక్షించి 1973లో ప్రకటించిరి. ప్రిన్స్‌టన్ నగరమునందలి వేదాంత పాఠశాలలో చదువుకొను 40 మంది విద్యార్థులను ఒక్కొక్కరినిగా పిలిచి, వేరొక భవనమునకు పోయి చిన్న ప్రసంగము చేయవలెనని చెప్పిరి. కొందరికి ప్రసంగ విషయము మంచి సమరయుని ఉపమానమే. త్రోవలో నొక ద్వారముచెంత ఒకడు తలవాల్చి, దగ్గుచు మూల్గుచు కూలబడియుండునట్లు ముందుగనే యేర్పాటు చేసిరి. తొందర లేదని చెప్పబడినవారిలో నూటికి 63 మంది వానికి సాయపడిరి. ఇదివరకే ఆలస్యమైనదని తొందరపెట్టబడినవారిలో నూటికి 10 మంది మాత్రమే సాయపడిరి. ప్రసంగ విషయము సమరయుని కథ యైనను మరియొకటి యైనను చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. ఆ దాటిపోయినవారు దుర్మార్గులని మేము తలంపము. వారి కన్నులు గడియారముమీద నుండెను, అంతే.

తొందర మొదటి యాటంకమైనచో, గుంపు రెండవది. 1964 మార్చి 13వ తేదీ తెల్లవారుజామున న్యూయార్కు నగరమున ఒక యువతి తన యింటిచెంతనే హత్య చేయబడెను. 38 మంది చూచుచు నూరకుండిరని యప్పటి పత్రిక వ్రాసెను. ఆ లెక్క సరికాదని తరువాత తేలినను, ఆ వార్తయే డార్లీ, లటానే అను పండితులను పరిశోధనకు పురికొల్పెను. వారు 1968లో ప్రకటించిన దేమనగా: వేర్వేరు గదులలో కూర్చుండి యంత్రముద్వారా సంభాషించుచున్నవారికి, అందొకడు మూర్ఛవచ్చి సహాయము కోరుచున్నట్లు వినిపించెను. తానొక్కడే వినుచున్నానని నమ్మినవారిలో నూటికి 85 మంది ఆ మూర్ఛ ముగియకమునుపే లేచి తెలియజేసిరి. మరి నలుగురు కూడ వినుచున్నారని నమ్మినవారిలో నూటికి 31 మందియే లేచిరి. తలకొక బిందెడు పాలు తెచ్చి పోయుడని రాజుగా రాజ్ఞాపింపగా, అందరును పాలే పోయుదురు గదా యని ప్రతివాడును నీళ్లు పోసిన కథ మన తాతలు చెప్పినదే. తెల్లవారి చూచినచో అన్నియు నీళ్లే!

ఇంతమాత్రమున మానవజాతి చెడినదని నిరాశపడ నక్కరలేదు. ఆమ్‌స్టర్‌డాము, లాంకస్టరు, కేప్‌టౌను నగరముల వీధులలో కెమెరాలు పట్టిన 219 జగడములను పరిశీలించి 2020లో ప్రకటింపబడిన పరిశోధనలో, పదింట తొమ్మిది సందర్భములందు చూచువారిలో ఒక్కరైనను అడ్డుపడిరని తేలినది. గుంపులో మంచి లేకపోలేదు. మొదట కదలువాడు కావలెను.

చెడుకును మొదటివాడే మార్గదర్శి. నెదర్లాండ్సు దేశములోని గ్రోనింగెను పట్టణమున, సైకిళ్లు నిలుపు సందులో సైకిళ్లకు కాగితములు తగిలించి చూచిరి. గోడ శుభ్రముగ నున్నపుడు నూటికి 33 మంది ఆ కాగితమును నేలపై పారవేసిరి. గోడమీద పిచ్చిగీతలున్నపుడు 69 మంది పారవేసిరి. ఇది 2008లో ప్రకటింపబడినది. బల్లమీద మొదటి పేరు చెక్కిన బాలుడును, మెట్లమూలను మొదట నుమిసిన పెద్దమనిషియు దీనిని ఆలోచింతురుగాక.

ఇక మా యభిప్రాయమును దాచక చెప్పెదము. పాఠశాలలో మనము దయను బోధించుచు, గంటతో తొందరను అలవాటు చేయుచున్నాము. త్రోవలో పడిన ముసలమ్మను లేవనెత్తి ఇల్లు చేర్చిన బాలుడు పది నిమిషము లాలస్యముగ వచ్చినచో గుమ్మమువద్దనే నిలువబెట్టబడును. చూడక పరుగెత్తి వచ్చినవాడు హాజరు పట్టీలో మంచివాడగును. క్రమశిక్షణ వలదని మేమనుట లేదు. శిక్షకు ముందు "ఏల ఆలస్యమైనది, నాయనా?" యని యొక్క ప్రశ్న యడుగుడని ఉపాధ్యాయులను వేడుచున్నాము. అబద్ధము చెప్పువారును కొందరుందురు. పదిమంది అబద్ధమును నమ్మి మోసపోవుట కంటె, ఒక్క సమరయుని శిక్షించుట పాఠశాలకు పెద్ద నష్టము.

తలిదండ్రులకును ఒక మనవి. "మనకెందుకు వచ్చిన గొడవరా" యని మీరనుట పోలీసులు, కోర్టుల భయముచేతనే యని యెరుగుదుము. రోడ్డు ప్రమాదములో గాయపడినవానికి సాయము చేసినవారిని బాధింపరాదని సుప్రీముకోర్టు 2016లో మార్గదర్శకములను స్థిరపరచెను. 2019 మోటారు వాహనముల సవరణ చట్టము సద్బుద్ధితో సాయపడినవానికి రక్షణ నిచ్చెను. కావున ఆ భయమును పిల్లలకు వారసత్వముగ నియ్యకుడు.

విద్యార్థులారా, గుంపులో నున్నపుడు "ఎవరైన రండి" యని కేకవేసిన నెవరును రారు. ఒకనివైపు చేయి చూపి, "ఎఱ్ఱ చొక్కా అన్నా, మీరు 108కి ఫోను చేయండి, అక్కా, మీరు నీళ్లు తెండి" యనుడు. పని పేరు పెట్టి అప్పగింపబడినవాడు తప్పించుకొనడు. అంతకు ముందు మీరు నిలువవలెను. యెరికో మార్గము మన పాఠశాల గుమ్మము ముందరనే పోవుచున్నది.